మిరపకాయ చేతులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పుకీ పప్పుకీ కొరత వచ్చేదేమో గానీ, అనుమానానికి ఏనాడూ కొరత రాలేదు. మా నాయనమ్మ పాలల్లో వేలు ముంచి చూసుకోకుండా పాలు పోయించుకునేది కాదు. కొట్లో సరుకు తూస్తుంటే అందరూ తక్కెడ ముల్లు వంక చూస్తారు, ఆవిడ కొట్టతని చిటికెన వేలు వంక చూసేది. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేయిస్తుంటే, మిగతావాళ్ళు నిజంగా కళ్ళు మూసుకున్నారో లేదో తేల్చుకోవడానికి తను ఒక కన్ను తెరిచి ఉంచేది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ఆవిడ పక్కన కూర్చుని నేనూ ఒకటి తెరిచి ఉంచేదాన్ని.

ఆ గుణం నాకు ఆవిడ దగ్గర్నుంచే వచ్చింది. పంతులమ్మగా ఉద్యోగం చేసి, రిటైరై, నందిగామలో చిన్న ఇల్లు కట్టుకుని, మనవల్ని ఎత్తుకున్నాక కూడా పోలేదు. ఎవరైనా నాతో మరీ తియ్యగా మాట్లాడితే వీళ్ళకేం కావాలా అని ఇప్పటికీ ఆరా తీస్తాను. ఇది మంచి గుణమని నేననను. కానీ దాన్ని దేనికి వాడుకోవాలో మాత్రం ఒక ఏడాది మిరపకోతల రోజుల్లో తెలుసుకున్నాను. నేర్పింది మా ఊళ్ళో పిల్లలం సంచి మామ్మ అని పిలిచే ఒకావిడ. నేర్పుతున్నట్టు ఆవిడకీ తెలియదు, నేర్చుకుంటున్నట్టు నాకూ తెలియదు.

మాది జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైదరాబాదు రోడ్డు మీద బస్సు దిగి మట్టిబాటన లోపలికి నడవాల్సిన ఊరు. అన్నీ మెట్ట పొలాలు. పత్తి, కంది, మిరప. మాకు కొంచెం మిరప ఉండేది, నాన్నా నాయనమ్మా దాని మీదే ప్రాణాలు పెట్టుకుని బతికేవాళ్ళు. నేనప్పుడు మూడో తరగతి. అమ్మ రెండో కాన్పుకి చెవిటికల్లులో పుట్టింటికి వెళ్ళి, మూడో నెలలో తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చింది.

వచ్చింది మా అమ్మ కాదేమోనని నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది. మొహం అదే, చీరలు అవే. కానీ మా అమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. పొయ్యి ముందు కూర్చుంటే కీర్తన పాడేది, నాకు జడ వేస్తూ మధ్యలో ఒక మొట్టికాయ వేసేది, బావి దగ్గర నవ్విందంటే మా ఇంటిదాకా వినపడేది. తిరిగొచ్చిన అమ్మ ఒక గోడకి ఆనుకుని ఎదుటి గోడ వంక చూసేది. ఏడ్చేది కాదు. ఏడ్చి ఉంటే ఎవరో ఒకరు ఎందుకని అడిగేవాళ్ళు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. తమ్ముడికి పాలిచ్చేటప్పుడు కూడా వాడి మొహం చూసేది కాదు. అమ్మ మోచేతి దగ్గర పెనం తగిలి కాలిన మచ్చ ఒకటుండేది. అది ఉందో లేదో దొంగచాటుగా చూశాను. ఉంది. అమ్మే. అది తెలిశాక నాకు ఇంకా భయం వేసింది.

తమ్ముణ్ణి మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఎంత బుద్ధిమంతుడో, ఏడవడు, పేచీ పెట్టడు అన్నారు. పోను పోను ఆ మెప్పు తగ్గింది. మా వీధిలో వాడి ఈడు పిల్లలు మనిషి కనపడితే నోరంతా తెరిచి నవ్వుతున్నారు, ఊఁ కొడుతున్నారు, చేతులు చాస్తున్నారు. వీడు వెల్లకిలా పడుకుని ఇంటి వాసాలు చూసుకునేవాడు. ఎత్తుకుంటే మన మొహం దాటి వెనకున్న గోడ వంక చూసేవాడు. చెవుడేమోనని నాయనమ్మ వాడి వెనక సత్తు పళ్ళెం కింద పడేసింది. ఉలిక్కిపడ్డాడు. చూపు లేదేమోనని దీపం పెట్టి తిప్పింది. దీపం వెంట కళ్ళు తిప్పాడు. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించారు. ఆయన అటు వెళ్ళగానే ఆయనకి తెలియకుండా ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేశారు. రెండింటికీ వాడు నవ్వలేదు.

బిడ్డలో లోపం దొరక్కపోయేసరికి నాయనమ్మ అనుమానం అమ్మ మీదకి మళ్ళింది. కోడలికి ఏదో గాలి సోకిందనీ, ఆ చూపు తగిలే బిడ్డ మొద్దుబారిపోతున్నాడనీ తేల్చేసింది. ఒకరోజు కల్లంలో కాయలు ఎగదోస్తూ నాన్నతో ఆ మాటే అంది.

"కోతలవగానే దాన్ని చెవిటికల్లులో దింపేసి రా. బిడ్డని నేను పెంచుకుంటా. దాని చూపు పడకుండా ఉంటే వాడన్నా బతికి బట్టకడతాడు."

నాన్న చేతిలో ఉన్న కాయకి తొడిమ తుంచుతూ ఉండిపోయాడు. మా నాన్న కాదనాలనుకుంటే కాదనేసే మనిషి. ఏమీ అనలేదంటే సరేనన్నట్టే. నేను కుప్ప వెనక కూర్చుని విన్నాను. ఆ రోజు నుంచి చేలో ఎర్రగా మిగిలి ఉన్న కాయల వంక చూసుకుంటూ తిరిగాను. చెట్టున కాయలున్నన్నాళ్ళే మా ఇంట్లో అమ్మ ఉంటుందని నాకు అర్థమైంది. మిగతావాళ్ళంతా కోత త్వరగా తెమిలితే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటుంటే, నేనొక్కదాన్నే తెమలకూడదని వేడుకునేదాన్ని.

మిరపకోతలు ఎరగని వాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పొద్దుటి నుంచీ పండుకాయలు కోసిన చేతులు రోజంతా మండుతూనే ఉంటాయి. మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా ఆ కారం ఒక పట్టాన వదలదు. అందుకని మా వైపు కోతల కాలంలో ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ముట్టుకోరు. ఆ చెయ్యి పొరపాటున పసివాడి కంటికో మూతికో తగిలిందంటే గుక్కపట్టి ఏడుస్తాడు. నావి మిరపకాయ చేతులు అంటే చాలు, ఆ మనిషికి ఇంకెవరూ బిడ్డని అందించరు. పాలిచ్చే తల్లుల్ని కోతకి పిలవరు. ఆ ఏడు మా ఇంట్లో నాన్నవీ నాయనమ్మవీ మిరపకాయ చేతులు. బిడ్డని ఎత్తుకోగల చేతులు అమ్మవీ నావీ మాత్రమే, అందులో నావి ఇంకా చిన్నవి.

ఇక సంచి మామ్మ సంగతి. మా చర్చిలో గుప్పెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉండేది, ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉంది. ఇంటి ఇల్లాలు అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. వారం తిరిగేసరికి ముంత నిండుతుంది, ఆదివారం దాన్ని పట్టుకెళ్ళి చర్చిలో పెద్ద బుట్టలో పోస్తారు. రాలేని వాళ్ళ ఇళ్ళకి శనివారం పూట గుడ్డసంచి పట్టుకుని తిరిగి పోగుచేసేది ఈవిడ. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఊరిని మించిన గొంతు. ఏ ఇంట్లో ఏం కూర వండారో ఆ ఇంట్లో వాళ్ళకంటే ముందు ఆవిడకి తెలిసేది. గుమ్మంలో ఆవిడ అలికిడి వినపడితే మా వీధిలో ఆడవాళ్ళు కూరగిన్నె మీద మూత పెట్టేవాళ్ళు. దేవుడి బియ్యానికి వచ్చే మనిషి గనక పొమ్మనలేరు, కూర్చోబెట్టుకుంటే త్వరగా లేవదు.

అమ్మ తిరిగొచ్చాక మా ముంతలో ఒక్క గింజ పడలేదు. గుప్పెడు తీయడం అమ్మ పని, నాయనమ్మకి కోతల హడావిడిలో ఆ ధ్యాసే లేదు. ఒకటి రెండు శనివారాలు సంచి మామ్మ వచ్చి, ఖాళీ ముంతలోకి తొంగిచూసి, గోడ దగ్గరున్న అమ్మ వంకా ఉయ్యాల్లో ఉన్న తమ్ముడి వంకా చూసి, ఆవిడ లెక్కన చాలా తక్కువ మాట్లాడి వెళ్ళిపోయింది. తర్వాత సోమవారం పొద్దున్నే మళ్ళీ వచ్చింది. మంగళవారం వచ్చింది. మీ ఇంటి బియ్యం బాకీ పడిపోయింది కదా, అందుకని రోజుకింత పట్టుకెళ్తానంది.

నాయనమ్మకి తల కొట్టేసినట్టయింది. దేవుడి బియ్యం ఎగ్గొట్టే ఇల్లని చర్చిలో వాళ్ళే ఈవిణ్ణి పంపిస్తున్నారని ఆవిడ మొదటి అనుమానం. కోడలి సంగతి కూపీ లాగి ఊరంతా టాంటాం వెయ్యడానికి వస్తోందని రెండోది. బిడ్డ మీద కన్నేసిందని మూడోది, అది మాత్రం పైకి అనలేదు. తనకి కోతకి వెళ్ళక తప్పదు కాబట్టి నన్ను బడి మాన్పించి ఇంట్లో కాపలా పెట్టింది. ఆవిడ ఏం చేస్తుందో, ఏం అంటుందో, ఎటు చూస్తుందో ఒక్కటి కూడా పోకుండా కనిపెట్టి చెప్పమంది. నాకు అంతకంటే ఇష్టమైన పని ఈ లోకంలో లేదు. గాదె పక్కన పీట వేసుకుని, చేతిలో ఏదో ఆట ఉన్నట్టు నటిస్తూ కూర్చునేదాన్ని.

సంచి మామ్మ చేలోంచి వస్తున్నట్టు నెత్తికి గుడ్డ చుట్టుకుని, రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకి పట్టుకుని వచ్చేది. గుమ్మంలో కూలబడి, "అమ్మాయ్, పొద్దున్నే ఒక సాలు కోసొచ్చా. మిరపకాయ చేతులు, నేను ముంత ముట్టుకోకూడదు. నువ్వే ఒక గుప్పెడు తీసి ఈ సంచిలో పొయ్యి" అనేది. అమ్మ కదిలేది కాదు. ఆవిడా కదిలేది కాదు. అక్కడే కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ మొదలుపెట్టేది. ఎవరి గేదె ఈనింది, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళాడు, జగ్గయ్యపేట సంతలో ఏం దొరుకుతోంది. జవాబు రాకపోయినా ఆవిడకి లెక్క లేదు, మధ్య మధ్యలో తనే ఊఁ కొట్టుకునేది. చివరికి ఈ గోల వదిలించుకోవడానికన్నా అమ్మ గోడ పట్టుకుని లేచి, గుప్పెడు బియ్యం తీసి సంచిలో పోసేది.

అది అయ్యాక తమ్ముడి వంతు. వాడు ఉయ్యాల్లో కొంచెం కదిలితే చాలు, నా చేతులు ఇట్టా ఉన్నయ్ కదా, నువ్వే తియ్యి తల్లీ అనేది. నేను లేవబోతే, నీ నడుం ఎంత, వాణ్ణి పడేస్తావు, కూర్చోవే అని కసిరేది. అమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని మళ్ళీ గోడ వంక తిరిగేలోగా, వాడి కంట్లో పుసి కట్టినట్టుందనీ, తనకి చత్వారం వచ్చి కనపడి చావడం లేదనీ, కాస్త చూసి చెప్పమనీ అడిగేది. అమ్మ వంగి చూసి లేదనేది. ఎడం కంట్లో? అమ్మ మళ్ళీ చూసేది. కనుబొమ్మలు మీ అన్నవా, మీ ఆయనవా? అమ్మ మళ్ళీ చూసేది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతోందా? నవ్వడండీ అనేది అమ్మ. నువ్వు కాస్త పెదాలు కదిపి చూడు, వాడు ఏం చేస్తాడో చూద్దాం అనేది ఆవిడ. అమ్మ పెదాలు కదిపేది. అది నవ్వు కాదు. నవ్వు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉండేది.

మర్నాడు మళ్ళీ అవే ప్రశ్నలు. నిన్న లేదని చెప్పిన పుసి గురించి ఈ రోజు మళ్ళీ ఎందుకు అడగాలి? నాకు అనుమానం అక్కడ మొదలైంది. ఇక ఆవిడ మీద కళ్ళు తిప్పకుండా కూర్చున్నాను.

ఒకరోజు అమ్మ సంచిలో బియ్యం పోస్తుంటే, ఆవిడ కూర్చున్న చోటు నుంచే మట్టిబెడ్డ అంటూ రెండు వేళ్ళతో తీసి అవతల పారేసింది. గింజల మధ్య గింజంత మట్టిబెడ్డ కనపడిన కళ్ళకి పసివాడి కంట్లో పుసి కనపడకపోవడమేమిటి? ఇంకోరోజు మైలవరంలో ఇచ్చిన తన పెద్దకూతురి మాట ఏదో ఎత్తి, మధ్యలో ఆపేసి, ఉత్త వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. ఇక కెవ్వుమంటుందనుకున్నాను. మిరపకాయ చెయ్యి కంట్లో పడితే ఎంతటివాళ్ళయినా గెంతులెయ్యాల్సిందే. ఆవిడ అదే చేత్తో ముక్కు కూడా తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, నింపాదిగా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఈ రెండు సంగతులూ నాయనమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ నన్ను ఎన్నడూ లేనంతగా మెచ్చుకుంది. కోత ముఠాల్లో వాకబు చేస్తే, సంచి మామ్మ ఆ ఏడు ఒక్క చేలో కూడా అడుగు పెట్టలేదని తేలింది. మోకాళ్ళ వల్ల ఇంటిపట్టునే ఉంటోందట. పసిబిడ్డ ఉన్న ఇంటికి రోజూ వచ్చి, లేని కారాన్ని చేతులకి అంటగట్టుకుని, లేని చత్వారాన్ని కళ్ళకి తెచ్చుకుని అబద్ధాలాడే మనిషి మంచికి వస్తుందా? నాయనమ్మకే కాదు, నాకూ రాదనే అనిపించింది. ఇంకొక సంగతి కూడా నేను చూశాను గానీ అది చెప్పేంత పెద్దదిగా అనిపించలేదు. తమ్ముడు ఈ మధ్య వాసాల వంక చూడటం తగ్గించి, అమ్మ గడ్డం వంక చూస్తున్నాడు.

మర్నాడు నాయనమ్మ కోతకి వెళ్ళినట్టే వెళ్ళి, దొడ్డిదారిన తిరిగొచ్చి వంటింటి తలుపు వెనక నిలబడింది. సంచి మామ్మ వేళకి వచ్చింది. చేతులు ముందుకి పట్టుకుని, ఒక సాలు కోసొచ్చానంటూ కూర్చుంది. అమ్మ ఆ రోజు అంతగా బతిమాలించుకోకుండానే లేచి బియ్యం పోసింది, బిడ్డని తీసుకుంది. అప్పుడు నాయనమ్మ తలుపు చాటు నుంచి బయటికొచ్చి, సంచి మామ్మ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏ చేలో కోశావు వదినా అని అడిగింది. సంచి మామ్మ తడబడలేదు, బుకాయించలేదు. అమ్మ వంక ఒకసారి చూసి, నాయనమ్మని రెక్క పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళింది. కాపలా నా పని గనక నేనూ వెనకే వెళ్ళాను.

దొడ్లో మందారం చెట్టు దగ్గర ఆవిడ చెప్పిన మాటలు నాకిప్పటికీ ఆ గొంతుతోనే వినపడతాయి. అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్నగా మాట్లాడటం నేను అదే వినడం.

"నా పెద్దది పుట్టినప్పుడు నాకూ ఇట్టానే అయింది వదినా. గోడకేసి చూస్తా కూర్చునేదాన్నంట. మా అత్త చెడ్డది కాదు, పిల్ల బాగుండాలనే నన్ను పుట్టింటికి పంపింది. పిల్లని మా ఆడబిడ్డ పెంచింది. నాకు బాగయ్యి వచ్చేసరికి అది నడుస్తంది. నన్ను చూసి మా ఆడబిడ్డ కుచ్చిళ్ళల్లో దాక్కుంది." ఆగి, మళ్ళీ ఉత్త వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. "మైలవరం నుంచి వచ్చినప్పుడు నువ్వూ చూసావుగా. ఇప్పటికీ మా ఆడబిడ్డని నువ్వంటది, నన్ను మీరంటది."

నాయనమ్మ తేలిగ్గా లొంగే మనిషి కాదు. అయితే నేను చెడ్డదాన్నా అంది. అది కాదంది సంచి మామ్మ. బిడ్డకి ఏ లోపమూ లేదనీ, వాడు రోజంతా చూసే మొహం వాడి వంక చూడటం లేదనీ, అందుకని వాడూ చూడటం మానేశాడనీ చెప్పింది. ఒంటికి జబ్బు చేసినట్టే అమ్మ మనసుకి జబ్బు చేసిందనీ, అది గాలీ కాదు, ధూళీ కాదనీ, బిడ్డని లాగేస్తే ఇద్దరికీ నయం కాదనీ అంది. తను వట్టి చేతులతో వస్తే బిడ్డని తనకే ఇచ్చేసి అమ్మ మళ్ళీ గోడ వంక తిరుగుతుందట. అందుకే మిరపకాయ చేతులు. నాయనమ్మ ఒక చెవి ఒగ్గి వింటూనే, ఈ మాటల్లో ఎంత నిజమో అన్నట్టు ఆవిణ్ణి ఎగాదిగా చూస్తోంది.

అప్పుడు లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది. ఎవరూ ఏమీ అడగలేదు. తనంతట తానే, "అత్తయ్యగారూ, కళ్ళు బాగానే ఉన్నాయండీ. నా వంకే చూస్తన్నాడు" అంది.

నేను పరుగెత్తుకెళ్ళి చూశాను. తమ్ముడు నవ్వలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ చూస్తున్నాడు. కొత్తగా దొరికిన వస్తువుని చూసినట్టు అమ్మ కళ్ళల్లోకి చూస్తున్నాడు. అమ్మ గోడ సంగతి మర్చిపోయింది. నాయనమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి, చర్చిలో తెరిచే ఆ ఒక్క కన్నూ కాకుండా రెండు కళ్ళూ పెట్టి వాళ్ళిద్దర్నీ చూసింది. నెత్తికి గుడ్డ చుట్టుకుని కోతకి వెళ్ళిపోయింది.

మర్నాడూ సంచి మామ్మ చేతులు ముందుకి పట్టుకుని వచ్చింది. నాయనమ్మ రావద్దనలేదు. అలాగని నమ్మిందనీ చెప్పలేను. నన్ను కాపలా కూడా మాన్పించలేదు. పైగా సాయంత్రం నేను చెప్పాల్సిన సంగతులు మారిపోయాయి. సంచి మామ్మ ఏం చేసిందని అడగడం మానేసి, మీ అమ్మ ఎంతసేపు చూసింది, వాడు ఎంతసేపు చూశాడు, ఊఁ అన్నాడా అని అడగడం మొదలుపెట్టింది. వాడు మొదటిసారి ఊఁ అన్నది కూడా ముందు పట్టుకున్నది నేనే. నేను చెబితే నాయనమ్మ నమ్మక, నా చేత దేవుడి తోడు అనిపించింది.

కానీ నాన్నకి ఇవేవీ తెలియవు. ఆయన పొద్దు పొడవకముందు చేలోకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చేవాడు. కోతలు అయిపోయాయి. కాయలు ఎండాయి, బస్తాలకెత్తారు. చేలో నాకు ఎటు చూసినా ఎర్రటి కాయ ఒక్కటి కూడా కనపడలేదు. కొన్నాళ్ళకి ఒక ఉదయం నాన్న తల స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, అటక మీంచి అమ్మ ట్రంకు పెట్టె దించాడు. నందిగామ బస్సు అందుకుంటే అక్కడి నుంచి మధ్యాహ్నానికి చెవిటికల్లు చేరొచ్చన్నాడు. అమ్మ తమ్ముణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి, తన చీరలు ఒక్కొక్కటే మడత పెట్టడం మొదలుపెట్టింది. నేను ఆ పెట్టె మీద కూర్చున్నాను. ఎవరు లేపినా లేవకూడదని మూత గట్టిగా పట్టుకున్నాను. ఆ పెట్టె రేకుది, మూత అంచు నా అరచేతుల్లో దిగింది.

అంతలో తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. ఎప్పటిలా సన్నగా కాదు, ఇల్లెగిరిపోయేలా. నాన్న నాయనమ్మ వంక చూసి, వాణ్ణి తీసుకోమ్మా, ఇక నువ్వేగా చూసుకోవాల్సింది అన్నాడు.

నాయనమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆవిడ మిరపకాయ ముట్టుకుని ఎన్నాళ్ళో అయింది. ముందురోజే కుంకుడుకాయలతో తలంటుకుంది, ఆ చేతులతోనే పొద్దున నా మొహం కడిగింది. ఆ చేతులు రెండూ ఒంటికి తగలకుండా ముందుకి చాపి పట్టుకుని, నాన్న వంక సూటిగా చూసింది.

"నావి మిరపకాయ చేతులురా. బిడ్డని దాన్నే తీసుకోమను."

నాన్న ఆవిడ చేతుల వంక చూశాడు, మొహం వంక చూశాడు. అమ్మ మడత పెడుతున్న చీర వదిలేసి వెళ్ళి తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడు ఏడుపు ఆపి, వెక్కుతూ, అమ్మ కళ్ళల్లోకి చూశాడు. కాసేపటికి నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. నన్ను పెట్టె మీంచి ఎత్తి దించి, దాన్ని మళ్ళీ అటకెక్కించాడు. నేను ఆ రోజు ఏడ్చినంతగా ఎప్పుడూ ఏడవలేదు, సంతోషానికి కూడా అంత ఏడుపు వస్తుందని అప్పుడే తెలిసింది.

ఒక్కరోజులో అంతా బాగైపోయిందని నేను చెప్పను. అమ్మ మళ్ళీ పాడటానికి తర్వాత వానాకాలం దాటింది, మధ్యలో గోడ వంక తిరిగిన రోజులూ ఉన్నాయి. తమ్ముడు ఆలస్యంగా నడిచాడు, ఇంకా ఆలస్యంగా మాట్లాడాడు. అయితే ఇప్పుడు నందిగామ కోర్టులో గుమస్తాగా వాడు మాట్లాడే మాటలకి ఎదుటివాళ్ళకి సందు దొరకదు. అమ్మ జబ్బుకి ఇవాళ పేరుంది, డాక్టర్లున్నారు, మందులున్నాయి. ఎవరి ఇంట్లోనైనా అలాంటి తల్లి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనే చెబుతాను. అప్పట్లో మాకున్నది ఒక అబద్ధం, దాన్ని రోజూ మోసుకొచ్చే ఓపిక ఉన్న ఒక మనిషి.

చాలా ఏళ్ళ తర్వాత, అమ్మకి వయసు మళ్ళాక, సంచి మామ్మ గుట్టు నేను బయటపెట్టానని గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ నవ్వింది. "నాకు మొదటిరోజే తెలుసే. ఆవిడ దగ్గర మిరపకాయ ఘాటే రాలా. నా దగ్గరికి రావటానికి ఒక మనిషి అంత కష్టపడి అబద్ధం ఆడతంటే, లేవకుండా ఎట్టా ఉంటా?" అంది. అంత కాపలా కాసి, అందర్నీ అనుమానించి, అమ్మకి ముందే తెలిసి ఉంటుందని మాత్రం నేను అనుమానించలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో మాటా పలుకూ లేకుండా గోడ వంక చూసే పిల్ల కనపడితే, తోటివాళ్ళు ఆ పిల్లకి బుర్ర లేదేమోనని అనుమానించేవాళ్ళు. నేను ఇంట్లో ఆ తల్లి ఎలా ఉందోనని అనుమానించేదాన్ని. ఏదో ఒక వంకన వెళ్ళి ఆవిడ పక్కన కాసేపు కూర్చునేదాన్ని. అన్నిసార్లూ నా అనుమానం నిజం కాలేదు. నిజమైన చోట్ల మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

ఇప్పుడు మా పైవాటాలో అద్దెకున్న అమ్మాయికి నాలుగో నెల బిడ్డ. వాడు మరీ బుద్ధిమంతుడు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంటుంది గానీ కిటికీలోంచి ఏమీ చూడదు. డాక్టరుకి చూపించమని వాళ్ళాయనకి మెట్ల దగ్గర చెప్పాను, వచ్చేవారం విజయవాడ తీసుకెళ్తానన్నాడు. అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక, వాళ్ళ కుండీలో కరివేపాకు కోసమని రోజూ పైకెక్కాను. నాలుగు రెబ్బల కోసం అంతసేపు కూర్చుంటానేమిటని ఆ అమ్మాయి అత్తగారికి అనుమానం వచ్చింది. మొన్న ఆవిడ ఆ కుండీని తెచ్చి మా గుమ్మం పక్కనే పెట్టించి, మీకు మెట్లెక్కే శ్రమ ఎందుకండీ అంది. మా నాయనమ్మ ఉంటే ఆవిడకి చెయ్యెత్తి దణ్ణం పెట్టేది.

నిన్న వట్టి చేతులతోనే పైకెళ్ళాను. ఆ అమ్మాయి దగ్గర కూర్చుని, నాకు కంటి ఆపరేషన్ అయింది కదమ్మా, ఇంకా మసగ్గానే ఉంది, మీ వాడి కంట్లో పుసి కట్టినట్టుంది, కాస్త చూసి చెప్పు అన్నాను. నిజానికి ఆపరేషన్ అయ్యాక నాకు ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు కూడా కనపడుతున్నాయి. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి నన్ను ఎగాదిగా చూసింది. ఒక్క ముక్క నమ్మలేదు. నాకు బాగా తెలిసిన చూపే, ముచ్చటేసింది. అలా కనిపెట్టి చూస్తూ ఉంటే, చూడాల్సింది ఏదో ఒకరోజు ఆవిడకీ కనపడుతుంది.

ఆ అమ్మాయి నెమ్మదిగా బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, వంగి, వాడి కళ్ళల్లోకి చూసింది. ఏం లేదండీ అంది.

"సరిగ్గా చూసావా? నాకు కనపడటల్లా. ఇంకోసారి చూడమ్మా" అన్నాను.